విల్డర్స్ ఎక్కని నిచ్చెన

ఒకే సందేశం ఈ నెలలో నాకు నాలుగోసారి వచ్చింది. మొదట గుంటూరు నుంచి మా బావగారు పంపారు, తరువాత ఇంజినీరింగు నాటి మిత్రులిద్దరు పంపారు, నిన్న రాత్రి ఇక్కడ నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్‌వీన్‌లో మా కింది అంతస్తులోనే ఉండే తెలుగు కుర్రవాడు పంపాడు. మొదటి ముగ్గురినీ దూరాభారం వల్ల క్షమించవచ్చును. ఏళ్ల తరబడి ఈ దేశంలోనే పన్ను కడుతున్న నాలుగోవాడిని క్షమించడానికి మాత్రం నాకు సాకు దొరకలేదు.

సందేశం సారాంశమిది. డచ్ నాయకుడు గీర్ట్ విల్డర్స్ పేద రైతు బిడ్డ. యూట్రెక్ట్‌లో వార్డు మెంబరుగా మొదలై, ఆ నగరానికి మేయరై, ప్రజలు భుజాన మోసి పంపగా పార్లమెంటుకు వెళ్లారు. సిద్ధాంతం కోసం పదవిని గడ్డిపోచలా విసిరేసి సొంత పార్టీ పెట్టారు. కోర్టులన్నీ ఆయనను నిర్దోషి అన్నాయి. పదేళ్లుగా పోలీసు కాపలాలో బతుకుతున్నారు. 2023లో గెలిచి కూడా ప్రధాని పదవిని త్యాగం చేశారు. ఆయన పార్టీలో మామూలు కార్యకర్త సైతం ఆయనలాగే పైకి రావచ్చు, మన దగ్గరలా వారసులకే టికెట్లు కావు. చివర చేతులు జోడించిన బొమ్మలు మూడు.

2022 జూన్‌లో నూపుర్ శర్మను సమర్థిస్తూ ట్వీట్లు చేసిన నాటి నుంచి ఆయన పేరు మనవాళ్ల ఫోన్లలో తిరుగుతూనే ఉంది. ఇస్లాం గురించి ఆయన అనే మాటలతో నాకు ఏకీభావం లేదు, అయితే ఇప్పటి నా తగాదా ఆ మాటలతో కాదు, ఆయన జీవితచరిత్ర పేరుతో చలామణి అవుతున్న ఈ కథతోనే.

చిన్న విషయాలు ముందు తేల్చేద్దాం. ఆయన తండ్రి వెన్లో పట్టణంలో కాపీ యంత్రాలు తయారుచేసే ఓసే కంపెనీలో పనిచేశారు, నాగలి పట్టలేదు. ఇక మేయరు సంగతి: ఈ దేశంలో మేయర్లను ప్రజలు ఎన్నుకోరు, రాజాజ్ఞ ద్వారా నియమిస్తారు, ఆ నియమితుల పట్టికలో విల్డర్స్ పేరు ఏనాడూ లేదు.

"వార్డు మెంబరు" అన్న మాట దగ్గర కాస్త ఆగవలసి ఉంది. ఐదేళ్లు సక్రమంగా నివసించిన విదేశీయులకు ఇక్కడ మున్సిపల్ ఎన్నికల్లో ఓటుంటుంది కాబట్టి 2022 మార్చిలో నేనూ ఓటేశాను. చేతికిచ్చిన బ్యాలెట్ కాగితాన్ని బల్ల మీద పరిస్తే అంచులు కిందికి వేలాడాయి. పార్టీకొక వరుస చొప్పున ఊరంతటి అభ్యర్థుల పేర్లూ అందులోనే ఉంటాయి, ఎర్ర పెన్సిలుతో ఒక్క గుండ్రాన్ని నింపి, పటం చుట్టినట్టు మడతలు పెట్టి పెట్టెలో తోయాలి. ఊరంతా ఒకటే నియోజకవర్గం, వార్డు అన్నదే లేదు. యూట్రెక్ట్ నగర మండలిలో విల్డర్స్ 1997లో అడుగుపెట్టిన మాట నిజం, వలస కుటుంబాలు ఎక్కువగా ఉండే కనాలెన్‌ఐలాండ్ పేటలో నివసించిన మాటా నిజం. కానీ 1998 ఆగస్టు 25 నాటికి ఆయన పార్లమెంటు సభ్యులైపోయారు, అంటే ఎంత ఉదారంగా లెక్కవేసినా మండలి రాజకీయంలో రెండేళ్లు నిండలేదు. అసలు పాఠశాల వేరే ఉంది. 1990 నుంచి ఆయన వీవీడీ అనే ఉదారవాద పార్టీ పార్లమెంటరీ కార్యాలయంలో ఉద్యోగి, నాటి నాయకుడు ఫ్రిట్స్ బోల్కెస్టైన్‌కు ప్రసంగాలు రాసిపెట్టినవారు. ఆ కార్యాలయంలో గడిపిన ఏళ్ల మీద మండలిలో గడిపిన కాలం ఏపాటి?

"ప్రజలు భుజాన మోసి" అన్నది ఇంకా ముచ్చటైన మాట. 150 స్థానాల దిగువ సభకు దేశం మొత్తం మీద పార్టీకి వచ్చిన ఓట్ల నిష్పత్తిలో సీట్లు వస్తాయి, ఆ పార్టీ జాబితాలో పైనున్నవారు సాధారణంగా ముందు లోపలికి వెళతారు. మంత్రి అయినవారు సభలో కొనసాగకూడదు గనుక వారి కుర్చీలు జాబితాలో ఆ తరువాతి పేర్లకు దక్కుతాయి. 1998 మే ఎన్నికల్లో వీవీడీకి 38 సీట్లు వచ్చినప్పుడు విల్డర్స్ లోపలికి వెళ్లలేదు, ఆగస్టులో పార్టీ పెద్దలు మంత్రులయ్యాక ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నారు. 2002లో పార్టీ 24కు పడిపోగా ఆయన సభ బయట మిగిలిపోయి, కొత్త మంత్రివర్గం ఏర్పడగానే రెండు నెలల్లో మళ్లీ అదే దారిన తిరిగి వచ్చారు. ఇందులో తప్పేమీ లేదు, పద్ధతే అది. కాకపోతే భుజాన మోసినవారు జనం కాదు, మంత్రులుగా వెళ్లిపోయిన ఆయన సహచరులు.

పదవిని విసిరేశారట. 2004 సెప్టెంబరులో, టర్కీని ఐరోపా సమాఖ్యలో చేర్చుకునే విషయమై పార్టీతో విభేదించి ఆయన వీవీడీని వదిలారు. కుర్చీని మాత్రం వదలలేదు. వీవీడీ జాబితాలో గెలిచిన ఆ సీటులోనే, గ్రూప్ విల్డర్స్ అనే పేరుతో ఏకసభ్య పక్షంగా కొనసాగారు. ఇక్కడి రాజ్యాంగం ప్రకారం సీటు సభ్యుడిదే, పార్టీది కాదు. మన పార్టీ ఫిరాయింపుల చట్టం కింద అయితే ఆ వారమే స్పీకరుకు అనర్హత పిటిషన్ అందేది. ఫిరాయింపుదారులను తిడుతూ రోజుకు రెండు సందేశాలు పంపే మా బావగారు ఈ ఒక్క ఫిరాయింపుకు చేతులు ఎందుకు జోడించారో నాకు బోధపడలేదు.

కోర్టుల సంగతిలో సందేశం సగం చెప్పి ఆపింది. 2011లో ఒక కేసులో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. 2014 మార్చిలో ది హేగ్‌లో మున్సిపల్ ఎన్నికల రాత్రి, ఈ నగరంలో మొరాకన్లు ఎక్కువ కావాలా తక్కువ కావాలా అని సభికులను అడిగి "తక్కువ, తక్కువ" అని అరిపించినందుకు నడిచిన రెండో కేసులో మాత్రం దోషిగా తేలారు. శిక్ష విధించలేదు. వివక్షకు రెచ్చగొట్టారన్న అభియోగాన్ని 2020లో అప్పీలు కోర్టు కొట్టివేసింది, ఒక సమూహాన్ని అవమానించారన్న తీర్పు 2021లో సుప్రీంకోర్టు దాకా నిలిచింది.

కాపలా విషయంలో సందేశం ఉన్నదాని కంటే తక్కువే చెప్పింది. 2004 నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్ వీధిలో సినిమా దర్శకుడు థియో వాన్ గోహ్ హత్య జరిగిన నాటి నుంచి, అంటే రెండు దశాబ్దాలు దాటి, విల్డర్స్ పోలీసులు లేకుండా వీధిలో నడవలేదు. ఆయనను ఎంత వ్యతిరేకించే వారైనా దీన్ని తేలికగా తీసుకోకూడదు, నేనూ తీసుకోను.

ఇక ప్రధాని పదవి త్యాగం. 2023 నవంబరులో ఆయన పార్టీ పీవీవీ 37 సీట్లతో అన్నిటికన్నా పెద్ద పార్టీ అయింది, ఆ గెలుపు పూర్తిగా జనం ఇచ్చినదే. కానీ సంకీర్ణంలో చేరవలసిన మిగతా పార్టీలు ఆయన ప్రధాని కావడానికి ఒప్పుకోలేదు, 2024 మార్చిలో ఆయనే ఆ మాట చెప్పారు, చివరికి ఎన్నికల్లో పోటీయే చేయని డిక్ స్కోఫ్ అనే ఉన్నతాధికారి ప్రధాని అయ్యారు. పిల్లనిస్తామని ఎవరూ అనకముందే పెళ్లి వద్దన్నవాడిని బ్రహ్మచారి అనవచ్చు గానీ త్యాగి అనలేము.

ఇవన్నీ ఒక ఎత్తు, చివరి వాక్యం ఒక ఎత్తు. ఆయన పార్టీలో మామూలు కార్యకర్త ఆయనలాగే పైకి రావచ్చునట. అయ్యా, ఆయన పార్టీలో కార్యకర్త చేరడానికే వీలు లేదు. 2006లో పెట్టిన పీవీవీకి సభ్యుడు ఒకే ఒక్కడు, ఆ ఒక్కడి పేరు గీర్ట్ విల్డర్స్. ఇది తిట్టు కాదు, చట్టపరమైన స్థితి. చందా కట్టి చేరే వీలు లేదు, మహాసభ లేదు, అధ్యక్ష ఎన్నిక లేదు, అభ్యర్థుల జాబితాలో ఎవరు ఎన్నో స్థానంలో ఉండాలో చివరిమాట ఆయనదే. కనీసం వెయ్యిమంది సభ్యులున్న పార్టీకే ప్రభుత్వ నిధులు అందుతాయి గనుక ఆ నిధులు కూడా పీవీవీకి రావు, అయినా ఆయన తలుపు తీయలేదు. పార్టీని అందరికీ తెరవాలని, యువజన విభాగం పెట్టాలని హేరో బ్రింక్‌మన్ అనే సొంత ఎంపీయే 2010లో గొంతెత్తారు. ఫలితం దక్కక 2012 మార్చిలో బయటికి వెళ్లారు. (ఆయన కూడా కుర్చీ వదలలేదు, గురువు చూపిన దారి కదా.)

దీనికి విల్డర్స్ వైపు నుంచి ఒక కారణం ఉంది, అది కొట్టిపారేయదగినది కాదు. 2002లో పిమ్ ఫోర్టాయిన్ అనే డచ్ నాయకుడి హత్య తరువాత ఆ ఫోర్టాయిన్ పార్టీ 26 సీట్లు గెలిచి, నెలల వ్యవధిలో లోపలి కుమ్ములాటలతో ప్రభుత్వాన్నే కూల్చుకుంది. అది కళ్లారా చూసినవాడు తలుపులు బిగించుకోవడం అర్థం చేసుకోదగినదే. కానీ బిగించిన తలుపును చూపించి, ఇదిగో సామాన్యుడికి రాజమార్గం అని ప్రచారం చేయడం మాత్రం అర్థం కాదు. టికెట్లు వారసులకే పోతున్నాయని మన దగ్గర కుర్రవాళ్లకు ఉన్న కోపం న్యాయమైనది. ఆ కోపానికి మందుగా ఏకసభ్య పార్టీని చూపిస్తున్నారే, నన్ను అన్నిటికంటే చికాకు పెట్టినది అదే. పైగా మండలి నుంచి పార్లమెంటుకు అనే నిచ్చెన కథలో ఆయన ఒకసారి కిందికి కూడా దిగారు. 2010 మార్చిలో ఆయన పార్టీ మొదటిసారి మున్సిపల్ ఎన్నికల్లో, అదీ ది హేగ్, అల్మేర్ అనే రెండు ఊళ్లలో మాత్రమే పోటీ చేసినప్పుడు, అప్పటికి దాదాపు పన్నెండేళ్లుగా ఎంపీగా ఉన్న విల్డర్స్ ది హేగ్ మండలికి తానే నిలబడి గెలిచి, కొద్ది నెలలకే ఆ సీటు వదిలేశారు.

నిచ్చెన కథే కావాలంటే యాన్ మరైనిసెన్‌ది ఉంది. ఓస్ అనే ఫ్యాక్టరీల ఊళ్లో కార్మికుడిగా పనిచేస్తూ 1975లో, ఇరవై మూడేళ్లయినా నిండకుండానే, నగర మండలిలో చేరారు. సోషలిస్టు పార్టీ తరఫున పార్లమెంటులో అడుగుపెట్టింది 1994లో. పంతొమ్మిదేళ్లు! 1994లో రెండు సీట్లున్న ఆ పార్టీకి 2006లో 25 సీట్లు తెచ్చారు.

అయితే ఒక మాట ఒప్పుకోకపోతే నేనూ ఆ సందేశం రాసినవాడూ ఒకటే అవుతాం. అదే మరైనిసెన్ కుమార్తె లిలియన్ పద్దెనిమిదేళ్లకే అదే ఓస్ మండలిలో చేరి, 2017లో ఎంపీ అయి, ఆ ఏడాది డిసెంబరులోనే నాన్న నడిపిన పార్టీకి నాయకురాలైంది. వారసులు ఇక్కడా ఉన్నారు, బావగారూ. ఆమె మండలిలో ఏళ్ల తరబడి పనిచేసిన మాట నిజమే, ఇంటిపేరు పనిచేయలేదని మాత్రం నేను ప్రమాణం చేయలేను.

కింది అంతస్తు కుర్రవాడికి ఒక్క మాట. నగర మండలి గొప్పతనం గురించి నువ్వు పంపిన సందేశం చదివాను నాయనా. 2022 మార్చిలో అదే మండలి ఎన్నికలకు నీ పేరిట వచ్చిన ఓటరు చీటీ, కవరు చించకుండా, మీ చెప్పుల అర మీద నెలన్నర ఉండటం కూడా చూశాను.