కోటిపల్లి బండి రేవు దాటలేదు

కాకినాడ–కోటిపల్లి రైలుబస్సు ఎక్కినవాళ్లకి గేటు దగ్గర తంతు గుర్తుండే ఉంటుంది. రోడ్డు అడ్డం రాగానే బండి ఆగేది. లోపలి రైల్వే మనిషి దిగి గేటు వేసేవాడు. బండి దాటి ఆగాక మళ్లీ గేటు తీసి, వచ్చి ఎక్కేవాడు. ఈలోగా సైకిలు మీద గడ్డిమోపుతో ఆగినాయన కిటికీ పక్కనున్నవాళ్లతో రెండు ముక్కలు మాట్లాడేసేవాడు. ఉన్నది ఒకటే పెట్టె, పేరుకి రైలు. 2020లో కరోనాకి ఆగింది. మిగతా రైళ్లు తిరిగొచ్చాయి, ఇది రాలేదు.

జనం ఎక్కరు, గిట్టుబాటు కాదు అంటారు. నిజమే, ఎక్కలేదు. ఎలా ఎక్కుతారు? 45 కిలోమీటర్లకి అంతసేపు, అదీ చివరికొచ్చేసరికి రోజుకొక్క ట్రిప్పు. ద్రాక్షారామంలో దిగి భీమేశ్వరుణ్ణి తాపీగా దర్శించుకుంటే, తిరుగు ప్రయాణానికి ఆర్టీసీ బస్సే గతి. రామచంద్రపురం నుంచి కాకినాడ కాలేజీకి వెళ్లే పిల్లలకి పనికొచ్చే వేళల్లో రెండు ట్రిప్పులు నడిపి, అప్పుడు లెక్క చూడాల్సింది.

అసలు లోపం ఇంకా వెనక ఉంది. ఈ లైను మొదట 1928 నాటిది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో, పట్టాలు పీక్కుపోయారు. అరవై ఏళ్ల తర్వాత జీఎంసీ బాలయోగి లోక్‌సభ స్పీకరుగా ఉండి పట్టుబడితే మళ్లీ కదిలింది. 2002లో ఆయన పోయారు, 2004లో బండి నడిచింది. అయితే ఆశ కోటిపల్లితో ఆగేది కాదు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ అనే మూడు గోదావరి పాయలూ దాటి, అమలాపురం మీదుగా నరసాపురం దాకా మరో 57 కిలోమీటర్లు వెళ్లాలి. 2000–01లోనే మంజూరైన పని అది. రాష్ట్రం వాటా 25 శాతం, దాని బకాయిలు, భూసేకరణ అంటూ ఏళ్లు దొర్లిపోయాయి. ఈలోగా యానాం–ఎదుర్లంక వంతెన వచ్చి అమలాపురం జనాన్ని రోడ్డున కాకినాడ చేర్చేసింది. దానికి పెట్టింది కూడా బాలయోగి పేరే!

ఏటిగట్టున ఆగిపోయే లైనుకి రాబడి ఎక్కణ్ణుంచి వస్తుంది? సగం కట్టిన ఇంటికి అద్దె రాలేదని తాళం వేసినట్టుంది ఈ వ్యవహారం.

కోటిపల్లి రేవులో ముక్తేశ్వరం వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఏరు దాటించే పంటు కోసం ఎదురు చూస్తుంటారు. ఎదురుగా గౌతమిలో రైలు వంతెన స్తంభాలు కనిపిస్తూనే ఉంటాయి.