తంతే పిరికి, జారితే పిచ్చి

అమెరికాలో సెప్టెంబరు మొదలు ఫిబ్రవరి దాకా ఆదివారం ఫుట్‌బాల్ ఆట, సోమవారం విచారణ. ముద్దాయి ఎప్పుడూ కోచే. మోపే సెక్షన్లు రెండే రెండు: ఒకటి పిరికితనం, రెండోది పిచ్చి తెగింపు. ఏది మోపాలో స్కోరుబోర్డు చూసి ఖరారు చేస్తారు. గెలిస్తే బెయిలు, అదీ వచ్చే ఆదివారం దాకానే. దశాబ్దాలుగా చక్కగా నడుస్తున్న ఈ న్యాయవ్యవస్థలో లోపం ఒక్కటే: నేరం చేసే సమయానికి తాను చేస్తున్నది ఏ నేరమో ముద్దాయికి తెలియదు. ఆ లోపాన్ని సవరించాలన్నదే ఈ వ్యాసం సంకల్పం.

ముందు నేరస్థలం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకు జరపాలి. గజాల లెక్క తెలుగువాడికి ఎవరూ నేర్పక్కర్లేదు; రెండు వందల గజాల ప్లాటు కోసం ఇరవై ఏళ్లు ఈఎంఐ కట్టే జాతి మనది. మూడు ప్రయత్నాలయ్యాక ఇంకా రెండు గజాలు మిగిలాయనుకోండి. నాలుగోసారికి దారులు మూడు. బంతిని అవతలివాళ్ల గట్టుకేసి దూరంగా తన్నెయ్యడం, అది పంట్. స్తంభాల మధ్యనుంచి తన్ని 3 పాయింట్లతో సరిపెట్టుకోవడం, అది ఫీల్డ్ గోల్. లేదా తెగించి ఆ రెండు గజాల కోసమే పోవడం. అది బెడిసికొడితే బంతిని ఉన్నచోటనే ప్రత్యర్థికి అప్పగించి బెంచీకి నడవాలి.

ఇక్కడొక వింత ఉంది. ఆట పేరులోనే పాదం ఉంది. ఆట మొదలెట్టే కిక్కు, టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గోలు గీత దాటించడం) తర్వాత ఒక్క పాయింటు కోసం కొట్టే కిక్కు పక్కన పెడితే, పాదం బంతిని తాకేది పంట్‌లోనూ ఫీల్డ్ గోల్‌లోనే. పిరికితనం సెక్షన్ కిందకి వచ్చేవి సరిగ్గా ఆ రెండు పనులే. అంటే ఫుట్‌బాల్ కోచ్ ఫుట్ వాడితే కేసు. పాదానికి పరువు దక్కిన సందర్భం 2010 ఫిబ్రవరి 7న వచ్చింది. ఆ సూపర్ బౌల్‌లో, అంటే సీజన్ ఆఖరి ఫైనల్లో, న్యూ ఆర్లీన్స్ కోచ్ షాన్ పేటన్ రెండో సగాన్ని, దగ్గర్లోనే పడేలా తన్ని తామే అందుకునే ఆన్‌సైడ్ కిక్‌తో మొదలెట్టించి, ఎవరూ ఊహించకముందే బంతిని తన జట్టుకే దక్కించాడు. జట్టు 31–17తో గెలిచింది కాబట్టి అది సాహసం.

పంట్ అనేది అచ్చంగా మన ఆఫీసుల్లో ఫైలు పైకి పంపడం. ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి పక్క టేబుల్ మీదకి నెట్టడం. ప్రత్యర్థి వైపు 38 గజాల గీత (వాళ్ల గోలు గీతకు 38 గజాల దూరం) దగ్గర నాలుగో ప్రయత్నం, ఒక్క గజం కావాలి. పంట్ కొట్టారు. బంతి దొర్లుకుంటూ గోలు గీత అవతలి ఎండ్ జోన్‌లోకి పోయింది. నియమం ప్రకారం దాన్ని 20వ గీతకు తెచ్చి పెడతారు. అంటే చేతిలో ఉన్న బంతిని దానం చేసి సంపాదించింది 18 గజాలు. ఒక్క గజం కావాల్సినప్పుడు తెగించిన జట్లు ప్రతి మూడింటిలో సుమారు రెండుసార్లు గట్టెక్కుతాయన్నది అందరికీ తెలిసిన లెక్కే.

ఈ లెక్క నిన్నమొన్నటిది కూడా కాదు. సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) వర్జిల్ కార్టర్, రాబర్ట్ మాకల్ కలిసి మైదానంలో ఏ గీత దగ్గర బంతి ఉంటే ఎన్ని పాయింట్ల విలువో 1971లోనే లెక్కగట్టారు. బర్క్‌లీ ఆర్థికవేత్త డేవిడ్ రోమర్ 2006లో అచ్చయిన పత్రంలో జట్లు తన్నాల్సిన దానికంటే చాలా ఎక్కువ తంతున్నాయని తేల్చాడు. గోలు గీతకు రెండు గజాల దూరం ఉందనుకోండి. తన్నితే దాదాపు ఖాయంగా 3. తెగిస్తే టచ్‌డౌన్, అదనపు కిక్కు కలిపి 7; దానికి ఏడింట మూడు వంతుల అవకాశమే ఉన్నా సగటున అదే 3. పైగా తెగించి విఫలమైనా ప్రత్యర్థి తన సొంత గోలు గీతకు రెండు గజాల దూరంలో, గోడకు వీపు ఆనించి మొదలెట్టాలి. తన్నితే ఆ సౌకర్యం లేదు.

మరి కోచ్‌లు దశాబ్దాల తరబడి ఎందుకు తన్నారంటారా? లెక్కలు రాక కాదు, ఉద్యోగం తెలిసి. పంట్ కొట్టి ఓడితే జట్టు ఓడింది. తెగించి ఓడితే కోచ్ ఓడాడు.

ఇక పూర్వ తీర్పులు. మొదటిది పిరికితనం కేసు. 2021 జనవరి 24, సూపర్ బౌల్‌కి ముందు మెట్టయిన ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్, సొంత మైదానంలో గ్రీన్ బే. టంపా బే 31–23తో ముందుంది. రెండు నిమిషాల చిల్లర మిగిలింది. గోలు గీత 8 గజాల దూరం, నాలుగో ప్రయత్నం, బంతి విసిరేవాడు ఆరన్ రాడ్జర్స్. కోచ్ మాట్ లఫ్లూర్ ఫీల్డ్ గోల్ తన్నించాడు. 31–26. అవతల ఉన్న క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ. బంతి తిరిగి రాలేదు. కోచ్ తరఫు వాదన వినేవాళ్లు తక్కువ: ఎనిమిది పాయింట్ల లోటులో టచ్‌డౌన్ చేసినా, ఆపైన రెండు పాయింట్ల ప్రయత్నం కూడా నెగ్గితేనే సమం. ఐదుకు తగ్గితే ఒక్క టచ్‌డౌన్‌తో గెలుపే. చేతిలో గడియారం ఆపే టైమ్‌అవుట్లు మూడూ ఉన్నాయి. వాదనలో పస లేకపోలేదు. అయితే బంతి బ్రేడీకి ఇచ్చి తిరిగి అడగడం అన్న మొదటి మెట్టు దగ్గరే అది జారింది.

రెండోది పిచ్చి తెగింపు కేసు. 2009 నవంబరు 15, ఇండియానాపొలిస్. న్యూ ఇంగ్లండ్ 34–28తో ముందుంది, 2 నిమిషాల 8 సెకన్లు మిగిలాయి, బంతి సొంత 28వ గీత దగ్గర, రెండు గజాలు కావాలి. కోచ్ బిల్ బెలిచిక్ తెగించాడు. కెవిన్ ఫాక్ బంతి పట్టాడు గానీ గీతకు ఇవతలే ఆగాడని తీర్పిచ్చారు. ఇండియానాపొలిస్ 35–34తో గెలిచింది. పంట్ కొట్టి ఉంటే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ డెబ్బై గజాలు నడిచి వచ్చి అదే పని చేసేవాడేమో. అప్పుడు నేరం రక్షణ విభాగానిది అయ్యేది.

మూడో కేసు సెక్షన్ దొరక్క ఇప్పటికీ పెండింగ్‌లో ఉంది. 2015 ఫిబ్రవరి 1, సూపర్ బౌల్. సియాటెల్‌కి ఒక్క గజం కావాలి, అది రెండో ప్రయత్నం, 26 సెకన్లు, ఒకే టైమ్‌అవుట్. పీట్ కారల్ జట్టు పాస్ వేసింది, ప్రత్యర్థి ఆటగాడు మాల్కమ్ బట్లర్ దాన్ని లాగేసుకున్నాడు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో, కౌబాయ్స్ జట్టు కార్యాలయం ఉన్న ఊళ్లో, స్థిరపడిన తెలుగువాళ్లు కూడా నియమాలకంటే ముందు నేర్చుకునే వాక్యం ఒకటుంది: ‘లించ్‌కి ఇచ్చి రన్ చేయించాల్సింది’. లించ్ అంటే సియాటెల్ తరఫున బంతితో పరుగెత్తేవాడు. ఆ ఒక్క వాక్యంతో ఏ పాట్‌లక్ విందులోనైనా పరువు నిలుస్తుంది. మూడుసార్లూ రన్ చేయిస్తే, ఒక్క టైమ్‌అవుట్‌తో గడియారం సరిపోదనీ, మూడింటిలో ఒకటి పాస్ కావాలనీ (పాస్ నేలపాలైతే గడియారం దానంతటదే ఆగుతుంది) చెప్పబోతే మాత్రం వడ్డన దగ్గర ఎవరూ పక్కన నిలబడరు.

ఇంతకీ ఈ నేరాలు చేయడానికి కోచ్‌కి ఉన్న వ్యవధి ఎంత? ప్లే క్లాక్ 40 సెకన్లు. 15 సెకన్లు మిగలగానే క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని స్పీకరు మూగబోతుంది. అంటే 25 సెకన్లలో ఎన్ని గజాలు మిగిలాయో చూడాలి, చేతిలోని లామినేటెడ్ అట్ట మీద ఆ దూరానికి తగిన గడి వెతకాలి, పెదవులు ప్రత్యర్థికి కనబడకుండా అదే అట్ట అడ్డం పెట్టుకుని చదవాలి. చదివేది ఒక్క మాట కాదు: ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరు ముందే కదలాలి, క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా ఎలా కాయాలి, బంతి పట్టే రిసీవర్లు ఏ దారిన పరుగెత్తాలి, ఎన్నో కేకకి బంతి అందుకోవాలి. చాలాసార్లు ఒకే వాక్యంలో రెండు ఆటలుంటాయి. ఎదుటి మోహరింపు నచ్చకపోతే క్వార్టర్‌బ్యాక్ ‘కిల్, కిల్’ అని అరిచి మొదటిదాన్ని చంపి రెండోదానికి మారతాడు. మన సోమవారం న్యాయమూర్తులకు ఇదే పనికి వారం రోజుల వ్యవధి, స్లో మోషన్, టిఫిను.

అసలు తెగింపు నాలుగో ప్రయత్నంలో పుట్టదు, మూడోదానికి ముందే పుడుతుంది. మూడోసారి ఆరు గజాలు కావాలి. నాలుగోసారీ పోదామని ముందే అనుకుంటే, ఇప్పుడు రన్ చేయించి నాలుగు తెచ్చుకుని రెండు మిగుల్చుకోవచ్చు. తన్నాలనుకుంటే ఆరూ ఇప్పుడే రావాలి, కాబట్టి పాస్ తప్పదు, ప్రత్యర్థికీ ఆ సంగతి తెలుసు. ఏదీ అనుకోని కోచ్ మూడోసారి పాస్ వేయించి, అది నేలపాలయ్యాక హెడ్‌సెట్‌లో సంప్రదింపులు మొదలెడతాడు. పర్యవసానం: వృథాగా ఒక టైమ్‌అవుట్, లేదా ఆలస్యానికి 5 గజాల జరిమానా.

ఇప్పుడు అసలు ముద్దాయిని ప్రవేశపెడదాం. డెట్రాయిట్ కోచ్ డాన్ క్యాంప్‌బెల్. 2021లో ఉద్యోగంలో చేరగానే ప్రత్యర్థి మోకాలిచిప్ప కొరుకుతామని విలేకరుల ముందు ప్రకటించిన పెద్దమనిషి. కాబట్టి ఆయన పంట్ కొట్టకపోవడం ముందస్తు నోటీసు లేని నేరమని ఎవరూ అనలేరు. 2024 జనవరి 28, శాంటా క్లారా, శాన్‌ఫ్రాన్సిస్కోతో ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్. సూపర్ బౌల్ ముఖం ఎన్నడూ చూడని డెట్రాయిట్ సగం ఆటకు 24–7తో ముందుంది. మూడో క్వార్టర్‌లో 24–10. శాన్‌ఫ్రాన్సిస్కో 28వ గీత, నాలుగో ప్రయత్నం, రెండు గజాలు. తన్నితే గీత దూరానికి ఎండ్ జోన్ పది, వెనక్కి విసిరే ఏడెనిమిది గజాలు కలిపి సుమారు 46 గజాల కిక్కు. ఆరుబయట, సాయంత్రం. డెట్రాయిట్ సొంత స్టేడియానికి పైకప్పు ఉంటుంది. క్యాంప్‌బెల్ తెగించాడు. జారెడ్ గాఫ్ విసిరిన బంతి జాష్ రెనాల్డ్స్ చేతుల దాకా వచ్చింది. చేతులు ఉన్నాయి, బంతి ఉంది, రెండు గజాలు దాటే ఉంది. బంతి నేల మీద పడింది.

ఆ క్షణం దాకా సాహసం, పడ్డాక మూర్ఖత్వం. ఆట ఎంపికలో వీసమెత్తు మార్పు లేదు. మారింది రెండు అరచేతుల మధ్య ఎడం. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో దూరంగా విసిరిన బంతి డెట్రాయిట్ ఆటగాడి హెల్మెట్ ముందు జాలీకి తగిలి ఎగిరి, వాళ్ల ఆటగాడు అయ్యూక్ ఒళ్లో వాలింది. 51 గజాలు. దాన్ని కూడా క్యాంప్‌బెల్ తెగింపు ఖాతాలోనే రాశారు. చివరి క్వార్టర్‌లో 27–24తో వెనకబడ్డప్పుడు 30వ గీత దగ్గర మూడు గజాలకు మళ్లీ తెగించాడు, మళ్లీ రాలేదు. ఆట 34–31తో పోయింది.

సరిగ్గా ఇదే నేరం చేసిన మరొకాయన ఉన్నాడు. 2018 ఫిబ్రవరి 4, సూపర్ బౌల్. సగం ఆటకు 38 సెకన్ల ముందు, గజం దూరంలో, నాలుగో ప్రయత్నం. ఫిలడెల్ఫియా కోచ్ డగ్ పీడర్‌సన్ తన్నించలేదు. క్లెమెంట్ బంతి అందుకుని బర్టన్‌కి ఇచ్చాడు, బర్టన్ క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్‌కే విసిరాడు. ఫోల్స్ పట్టాడు. కోచ్, క్వార్టర్‌బ్యాక్ ఆ ఆట గురించి మాట్లాడుకుంటున్నట్టు స్టేడియం బయట కంచు విగ్రహం వెలిసింది. ఏరు దాటాక ఓడ మల్లయ్య బోడి మల్లయ్య అయినట్టు, విగ్రహం వెలిసిన మూడేళ్లలోపే 2021 జనవరిలో ఆయన ఉద్యోగమూ పోయింది. విగ్రహానికి నోటీసు ఇచ్చినట్టు సమాచారం లేదు.

కాబట్టి సంస్కరణ ఇది. కోచ్ చేతిలోని అట్ట మీద ఇప్పుడున్న గడుల పక్కన ఇంకో నిలువు వరస గీయాలి, ఖాళీగా. బంతి పట్టుబడితే రిఫరీ వచ్చి అందులో ‘సాహసం’ అని, జారితే ‘పిచ్చి’ అని, తన్ని గెలిస్తే ‘పరిపక్వత’ అని, తన్ని ఓడితే ‘పిరికితనం’ అని రబ్బరు ముద్ర వేస్తాడు. నాలుగు ముద్రలు, ఒక ఇంకుప్యాడు. కోచ్ సంతకం పెడతాడు. సోమవారం అందరూ పనులకి పోవచ్చు.

ఈ పథకంలో చిక్కు ఒక్కటే వచ్చింది, అదీ క్యాంప్‌బెల్ వల్లే. అదే ఆట చివర్లో, 34–24తో వెనకబడి, నిమిషం పైచిలుకు మిగిలినప్పుడు, గోలు గీతకు గజం దూరంలో మూడో ప్రయత్నానికి ఆయన రన్ పిలిచాడు. ఆటగాడు వెనక్కే పడ్డాడు. గడియారం ఆపడానికి టైమ్‌అవుట్ ఖర్చయింది. తర్వాతి బంతికే టచ్‌డౌన్ వచ్చింది, 56 సెకన్లు మిగిలాయి. మూడు టైమ్‌అవుట్లూ ఉండి ఉంటే బంతిని దూరంగా తన్ని, వాళ్ల మూడు ఆటల తర్వాతా గడియారం ఆపి, అరనిమిషంతో బంతి తిరిగి తెచ్చుకోవచ్చు. రెండే ఉంటే మూడో ఆట తర్వాత 40 సెకన్లు కరిగిపోతాయి. ఇక ఆన్‌సైడ్ కిక్కే గతి. అది శాన్‌ఫ్రాన్సిస్కోకే చిక్కింది. ఆ రాత్రి చేతులారా చేసిన తప్పు ఇదే. కానీ దీనిలో భయమూ లేదు, తెగువా లేదు, ఉత్త గడియారం లెక్క. నాలుగు ముద్రల్లో దేనికీ సరిపోలేదు. అందుకే సోమవారం సభలో ఎక్కువమంది దాని ఊసెత్తలేదు.

ఇక ఈ ఆటలో అన్నిటికంటే పిరికి ఎత్తు ఏదంటే, గెలుస్తున్న జట్టు చివర్లో వేసేది. క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని, ఎవరి మీదికీ పోకుండా, మోకాలు నేలకు ఆనించి కూర్చుంటాడు. మళ్లీ లేచి మళ్లీ కూర్చుంటాడు. దానికి పెట్టిన పేరు విక్టరీ ఫార్మేషన్.