బ్యాటరీకీ పంచాంగం వేయించాలి

విద్యుత్ స్కూటర్లు అమ్మే షోరూములో ఏడాది పొడుగునా ఒకటే ఋతువు. ఏసీ 24 మీద ఉంటుంది. నేల నున్నగా ఉంటుంది, గాలి ఎదురు రాదు, వెనుక సీటు మీద బావమరిది కూర్చోడు. అక్కడ నిలబడి సేల్స్ కుర్రాడు “ఒక్కసారి చార్జింగ్ పెడితే 160 కిలోమీటర్లు సార్” అంటే అందులో ఆవగింజంత అబద్ధం లేదు. ఆ గదిలో నిజంగానే అంత వస్తుంది. చిక్కంతా కొన్నవాడు బండిని బయటికి తీయడంతో మొదలవుతుంది.

ఈ కిలోమీటర్లు ఎక్కడ పుడతాయో తెలుసుకోవడం పౌరధర్మం. పుణేలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థలు బండిని రోలర్ల మీద నిలబెట్టి, ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అనే లెక్క ప్రకారం చక్రాలు తిప్పుతాయి. ఒక్కో ఆవృత్తి 108 సెకన్లు. గరిష్ఠ వేగం గంటకు 42 కిలోమీటర్లు, సగటు 22కు ఒక పిసరు తక్కువ. చక్రాలు తిరుగుతాయి, బండి మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి పంజాగుట్టలో చక్రాలు కూడా తిరగవు. కనుక వేగం విషయంలో ఆ ఇంజనీర్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఆఫీసు వేళల్లో సగటున 22 వచ్చిన రోజున వీధి మలుపులో వినాయకుడికి కొబ్బరికాయ కొట్టే హైదరాబాదీలు ఉన్నారు. నా అభ్యంతరమల్లా ఒక్కటే: ఆ లెక్కలో కార్తెలు లేవు.

అశ్వని నుంచి రేవతి వరకు ఇరవై ఏడు కార్తెలు చూసుకుని విత్తనం వేసిన జాతి మనది. ఏ కార్తెలో ఏ చినుకు పడుతుందో, ఏ గాలి వీస్తుందో సామెతల్లో కట్టి పెట్టుకున్నాం. అలాంటివాళ్లకు సంవత్సరం మొత్తానికి కలిపి “160” అని ఒకే అంకె ఇచ్చి పంపించడం అవమానం కాక మరేమిటి?

రోహిణి సంగతే తీసుకుందాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పారు. రాతి రోలే తట్టుకోలేని ఎండలో లిథియం అయాన్ల గతి ఏమిటన్నది వాళ్లు మన ఊహకు వదిలేశారు. నేను దిల్‌సుఖ్‌నగర్ నుంచి మాదాపూర్‌కు వెళ్లి పనిచేసే మనిషిని. మా ఆఫీసులో కార్లకు సెల్లార్, ద్విచక్ర వాహనాలకు ఆకాశం కేటాయించారు. బండి మధ్యాహ్నమంతా 42 డిగ్రీల్లో నిలబడుతుంది. సాయంత్రం చేతిరుమాలు తడిపి సీటు మీద పరుస్తాను. హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించేలోపే అది ఆరి కరకరలాడుతుంది. బయలుదేరాక తెర మీద థర్మామీటరు బొమ్మ ఒకటి వెలుగుతుంది. దాని అర్థం, బ్యాటరీ వేడెక్కింది కనుక బండి తన ఆరోగ్యం తాను చూసుకుంటోందని. ఎంత మెలితిప్పినా వేగం పెరగదు. పోనీ, ఇంటికి చేరగానే ప్లగ్గు పెడదామంటే బండితో ఇచ్చిన పుస్తకం వద్దంటుంది: వేడి మీదున్న బ్యాటరీకి వెంటనే చార్జింగ్ పెట్టరాదు, చల్లారనివ్వాలి. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడిలా అది కాసేపు సేద తీరాలి, తరువాతే భోజనం. నడిపినవాడు ఎంత కాగిపోయాడో ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

పైగా ఇందులో ఒక దైవలీల ఉంది. మన రాష్ట్రంలో ఎండకు పేరుమోసిన ఊళ్లలో రామగుండం ఒకటి. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం బొగ్గు మండించి కరెంటు తీసేది కూడా అక్కడే. అంటే నా బండిని నడిపించే కరెంటూ దాన్ని మాడ్చే ఎండా ఒకే ఊరి నుంచి బయలుదేరి, వేర్వేరు దారుల్లో వచ్చి నా సీటు మీద కలుసుకుంటాయి.

ఎండాకాలంలో సిగ్నళ్ల దగ్గర ఒక వింత కనిపిస్తుంది. తెల్లగీత దగ్గర ఎవరూ ఉండరు. దానికి చాలా వెనుక, మెట్రో స్తంభం నీడలో, బండ్లన్నీ ఒకదాని వెనుక ఒకటి నిలబడి ఉంటాయి. నీడ ఎంత వెడల్పో వరుస అంతే వెడల్పు. ట్రాఫిక్ పోలీసులు ఏళ్ల తరబడి నేర్పలేకపోయిన క్రమశిక్షణను ఆ స్తంభం ఒక్క వేసవిలో నేర్పింది. ఆ నీడలోనే పక్క బండి మీది పెద్దమనిషి నా ఆకుపచ్చ నంబరు పలక వైపు చూసి తప్పనిసరిగా ఒక ప్రశ్న అడుగుతాడు: “మైలేజీ ఎంత వస్తుందండీ?” మొదట్లో అంకె చెప్పేవాడిని. ఇప్పుడు “ఏ కార్తెలో?” అని ఎదురు ప్రశ్న వేస్తున్నాను. పచ్చ లైటు పడేసరికి ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉంటాడు.

మృగశిర ప్రవేశించగానే ఊరికి చల్లదనమూ చేపల మీద మమకారమూ ఒకేసారి పుడతాయి. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం పంచే రోజున ఆ దారిన ఆఫీసుకు వెళ్లేవాడికి బ్యాటరీ గురించి బెంగ అక్కరలేదు. ఆగి ఉన్న విద్యుత్ బండి దాదాపుగా ఏమీ ఖర్చు చేయదు. పెట్రోలు బండ్లు కదలకుండానే తాగుతూ ఉంటే, మనం కదలకుండా పొదుపు చేస్తూ ఉంటాం. నా రేంజ్, అంటే ఒక్క చార్జింగుతో వచ్చే దూరం, అంచనాలకు మించి నిలిచేది ఇటువంటి రోజుల్లోనే.

తొలి వాన మాత్రం బండికి కాదు, ప్రమాణపత్రాలకు పరీక్ష పెడుతుంది. నా బ్యాటరీకి ఐపీ67 యోగ్యత ఉంది. ఆరు అంటే దుమ్ము చొరబడదు. ఏడు అంటే మీటరు లోతు నీటిలో ముప్పై నిమిషాలు ఉంచినా నీరు లోపలికి దిగదు. చాలా గొప్ప విషయం, నేను వెటకారానికి అనడం లేదు. కాకపోతే మీటరు దగ్గర ఆగాలన్న నిబంధనను మలక్‌పేట రైల్వే వంతెన కింది నీటికి ఎవరూ తెలియజేయలేదు. ముప్పై నిమిషాల్లో వదిలేయాలన్న సంగతి ట్రాఫిక్‌కూ తెలియదు. పరీక్షలో వాడే తొట్టెలో అడుగున మూత లేని మ్యాన్‌హోలు ఉండదు, ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చి కెరటం లేపదు. అన్నిటికన్నా అన్యాయం ఏమిటంటే ఈ యోగ్యత బ్యాటరీకి మాత్రమే. నడిపేవాడి రెయిన్‌కోటుకు అటువంటి అంకె ఏదీ లేదు. దాని ప్యాంటు ఎక్కడ కుట్టు విడిపోవాలో అక్కడే విడిపోతుంది, ఆ తరువాత ఆఫీసులో సగం రోజు నిలబడి పనిచేయడం ఆరోగ్యానికి మంచిదని సహోద్యోగులకు చెప్పుకోవాలి.

వాన దంచినప్పుడు నగరంలోని ద్విచక్ర వాహనదారులకు రెండే ఆశ్రయాలు: ఫ్లైఓవరు కింద, పెట్రోలు బంకు కింద. ఫ్లైఓవరు కింద చేరినవాళ్లు రోడ్డు మూడొంతులు ఆక్రమించి, వానలో తడుస్తున్నవాళ్లకు కూడా దారి లేకుండా చేస్తారు కనుక, సంస్కారం ఉన్నవాడిగా నేను బంకునే ఎంచుకుంటాను. పెట్రోలును త్యజించిన మనిషికి పెట్రోలు బంకు ఇంత అవసరం పడుతుందని కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు. ఖైరతాబాద్ దగ్గర ఒక బంకులో కుర్రాడు గొట్టం పట్టుకుని నా బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. మూత ఎక్కడా కనిపించలేదు.

“ఎంత పోయమంటారు సార్?”

“ఏమీ వద్దు తమ్ముడూ, వాన తగ్గేవరకు నిలబడతాను.”

“మరి గాలైనా పట్టించుకోండి సార్, ఊరికే నిలబడితే మా మేనేజరు గారు కోప్పడతారు.”

పట్టించుకున్నాను. ఇంధన పరివర్తన అంటే సభల్లో గణాంకాలు చదువుతారు గానీ, అది క్షేత్రస్థాయిలో ఇలా జరుగుతుంది.

వాన వెనుక ఈదురుగాలి, ఈదురుగాలి వెనుక కరెంటు కోత. ఇది ప్రకృతి ధర్మం, ఎవరినీ నిందించలేం. మా అపార్ట్‌మెంటులో ఇందుకోసం డీజిల్ జనరేటరు పెట్టుకున్నాం. లిఫ్టుకూ, నీళ్ల మోటారుకూ, ఫ్లాటుకు ఒక ఫ్యానూ రెండు లైట్లకూ అది సరిపోతుంది. సెల్లారులోని నా ప్లగ్గును ఎలక్ట్రీషియన్ ఏ ధ్యాసలో ఉండి కలిపాడో గానీ ఆ లైనులోనే కలిపాడు. ఆ విధంగా ఒక వానరాత్రి నా పొగలేని బండి డీజిల్ పొగతో కడుపు నింపుకుంటూ ఉండగా అసోసియేషన్ కార్యదర్శి గారు చూశారు. మరుసటి ఆదివారం సమావేశంలో “మీరు పర్యావరణం పేరు చెప్పి మా డీజిల్ తాగుతున్నారు” అని అభియోగం మోపారు. నేను 2070 నాటికి దేశం చేరుకోవలసిన నికర శూన్య ఉద్గారాల లక్ష్యం గురించి వివరించబోయాను. ఆయన అప్పటిదాకా ఆగలేమనీ, ఈ నెల మెయింటెనెన్సులోనే సర్దుకుందామనీ అన్నారు.

గుంతల గురించి కూడా రాయమని మిత్రులు అడుగుతున్నారు. రాయను. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్నూ రిజిస్ట్రేషన్ రుసుమూ పూర్తిగా రద్దు చేసింది. రోడ్డు పన్ను కట్టనివాడు రోడ్డెక్కడా అని అడగడం మర్యాద కాదు.

చలికాలానికి పెద్దగా చోటు ఇవ్వనక్కరలేదు. చలికి బ్యాటరీలో రసాయన చర్య మందగించి రేంజ్ కొంత తగ్గుతుందన్నది నిజమే. కానీ ఆ బాధ చెప్పుకునే అర్హత ఆదిలాబాద్ వాళ్లకూ లంబసింగి వాళ్లకూ ఉంది. హైదరాబాదులో డిసెంబరు ఉదయం మంకీ క్యాప్ పెట్టుకున్నవాడు బ్యాటరీ గురించి ఫిర్యాదు చేస్తే నవ్విపోతారు.

వీటన్నిటి కన్నా తీవ్రమైన ఋతువు ఢిల్లీలో పుడుతుంది. 2021 జూన్‌లో, విద్యుత్ వాహనాలు కొనేవాళ్లకు కేంద్రం పెట్టిన ఫేమ్-2 పథకం కింద బ్యాటరీలోని ఒక్కో కిలోవాట్-అవర్‌కు 15,000 రూపాయల రాయితీ కురిసింది, ధరలో 40 శాతం దాకా. 2023 జూన్ 1న అది 10,000కూ 15 శాతానికీ ఎండిపోయింది. పంచాంగం తీసి చూడండి, అది రోహిణి కార్తె. 2024 అక్టోబరులో పీఎం ఈ-డ్రైవ్ అనే పథకం వచ్చేసరికి 5,000. తరువాతి ఏడాదికి 2,500. నైరుతి ఋతుపవనాలకన్నా దీని రాకపోకలు కచ్చితంగా తెలుస్తాయి, ఒక ఉత్తర్వు ముందుగానే వస్తుంది కనుక.

“ఇంత అవస్థ ఎందుకు, మెట్రో ఎక్కవచ్చు కదా” అనేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. నిజమే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారితే హైటెక్ సిటీ. అది కూడా కరెంటుతోనే నడుస్తుంది, ఎండదు, తడవదు, మధ్యలో శాతాలు చూపించి భయపెట్టదు. అందుకే అందులో పౌరుషం లేదు. ఇక డబ్బు మిగులుతుందా అని అడిగేవాళ్లకు నిస్సంకోచంగా చెబుతాను, మిగులుతుంది. లీటరు పెట్రోలు వంద రూపాయలు దాటిన ఊళ్లో మూడు నాలుగు యూనిట్ల కరెంటుతో బండి కడుపు నిండుతుంది. ఆ మిగులు ఎండాకాలంలో కొబ్బరిబొండాల వాడికీ, వానాకాలంలో బంకు పక్కన మిర్చి బజ్జీల బండికీ క్రమం తప్పకుండా చేరుతోంది.

అందువల్ల ప్రభుత్వానికి నా విన్నపం ఇది. పుణే పరీక్షలు పుణేలో జరగనివ్వండి. తెలుగు రాష్ట్రాల వరకు రేంజ్ నిర్ణయించే అధికారాన్ని సిద్ధాంతులకు అప్పగించండి. ఏటా ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మేఘాధిపతీ సస్యాధిపతీ తరువాత బ్యాటరీ అధిపతి ఎవరో చదివించండి. ఒక నమూనా నేనే తయారుచేశాను. బండిని పొదుపుగా నడిపే ఎకో మోడ్, జోరుగా నడిపే స్పోర్ట్స్ మోడ్, ఇవే అందులో రాశులు.

ఎకో రాశి వారికి ఆదాయం 14, వ్యయం 2, రాజపూజ్యం 1, అవమానం 7. కిలోమీటర్లు సమృద్ధిగా ఉంటాయి. ఫ్లైఓవర్ల మీద సరకు ఆటోలు దాటి వెళ్లి వెనక్కి తిరిగి చూస్తాయి, సహించాలి. స్పోర్ట్స్ రాశి వారికి ఆదాయం 2, వ్యయం 14. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ ఎక్కేవరకు రాజయోగం, దిగాక శనిదశ. ఆరుద్రలో జలగండం ఉన్నది కనుక ఉభయ రాశుల వారూ రైల్వే వంతెనల వైపు ప్రయాణం మానుకోవాలి. పంజాగుట్టలో సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు వారంతో నిమిత్తం లేకుండా రాహుకాలం. స్వాతిలో ఎదురుగాలి, బావమరిదిని ఎక్కించుకుంటే ద్విగుణీకృతం.

పరిహారం: నెలకు రెండు శనివారాలు, ఎండ ముదరక ముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పినంత గాలి పట్టించాలి. గాలి తగ్గితే రేంజ్ తగ్గుతుందన్న విషయంలో ఇంజనీర్లకూ సిద్ధాంతులకూ భేదాభిప్రాయం లేదు. బంకులో “గాలి ఉచితం” అని బోర్డు రాసి ఉంటుంది. దక్షిణ పది రూపాయలు.