నా ఎనిమిది పైసలు ఎక్కడ?

మొన్న ఆదివారం హన్మకొండలోని ఒక ఫంక్షన్ హాల్లో నాకు జరిగిన అన్యాయాన్ని ప్రజల దృష్టికి తేవడం నా బాధ్యత.

చెస్ టోర్నమెంటు, మొదటి రౌండు. నా రేటింగ్, అంటే ఆట బలానికి కట్టే అంకె, 1480. ఎదురుగా 1880 రేటింగున్న నాలుగో తరగతి పాప. కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకు అందడం లేదు. స్విస్ పద్ధతంటే ఇదే. అందరినీ రేటింగ్ వరసలో పెట్టి, జాబితాను సగానికి విరిచి, పై సగంలో మొదటివాళ్లకు కింది సగంలో మొదటివాణ్ని అప్పగిస్తారు. పెళ్లికైతే జాతకాలన్నా చూస్తారు.

ఈ రేటింగుల లెక్క కట్టింది ఆర్పాడ్ ఈలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్. 1970లో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఒప్పుకుంది. దాని ప్రకారం 400 తేడా ఉంటే తక్కువవాడికి ఆటకు 0.08 పాయింటు రావాలి. రూపాయికి ఎనిమిది పైసలు. నేనేం గెలుపు అడగలేదు. శాస్త్రం ఇస్తానన్నదే అడిగాను.

తొమ్మిదో ఎత్తులో గుర్రాన్ని చేత్తో పట్టుకుని, గాల్లో ఉంచి ఆలోచించాను. ఎక్కడ దించినా మంత్రి పోతుంది. ముట్టుకున్న పావును ఆడాల్సిందే, ఊరికే సరిగ్గా నిలబెట్టాలంటే 'సర్దుతున్నా' అనే మాట ముట్టుకోకముందే అనాలట. ఫ్యాను కిందే నాకు చెమటలు. పాప పెన్ను మూత నములుతోంది.

"డ్రా చేసుకుందామా బిడ్డా?"

"వద్దంకుల్."

ఇంత మర్యాదగా నన్నెవరూ కాదనలేదు.

ఓరుగల్లులో పుట్టిన ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబరు ఫిడే రేటింగు జాబితాలో 2801కి చేరాడు. ఆనంద్ తర్వాత 2800 దాటిన భారతీయుడు అతనే. అప్పటి నుంచి కాజీపేట దాకా ప్రతి తల్లికీ తన బిడ్డలో అతనే కనిపిస్తున్నాడు. మంచిదే. కానీ ఆ పిల్లలు పైకెక్కాలంటే మావంటి మెట్లు కావాలి. మెట్ల మోకాళ్ల నొప్పులు ఎవరికి పట్టాయి?

ఇరవై రెండో ఎత్తుకు మేట్. పాప చెయ్యి కలిపి "మంచిగ ఆడిండ్రు అంకుల్" అంది. కోచింగులో అబద్ధాలు కూడా నేర్పుతున్నారన్నమాట.

ఇంకో సంగతి. నా రేటింగు ఖాతాలో 1.6 పాయింట్లు పోయాయి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు లెక్క రెట్టింపు, కాబట్టి పాపకు 3.2 వచ్చాయి. మిగతా 1.6 ఎక్కడిదో ఏ ఆడిటరూ అడగడు.

ఈ వివరాలన్నీ ఆర్బిటర్, అంటే పోటీ రిఫరీ, ముందు పెట్టి, నా ఎనిమిది పైసలు ఎక్కడని నిలదీశాను. ఆయన నా వైపు చూడకుండానే కాగితం జరిపాడు.

"సంతకం పెట్టండి సార్. బల్ల ఖాళీ చేయాలె."