రిపోర్టులు నార్మల్ అయితే నొప్పి అబద్ధమా?

పిన్నిని డాక్టరుకు చూపించి ఇప్పుడే ఇల్లు చేరాం. ఒళ్ళు మండిపోతోంది, అందుకే రాస్తున్నా. తలపోటు, మెడ నుంచి నడుము దాకా పట్టేసిన నొప్పి, గుండెల్లో బరువు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, ముద్ద దిగదు. ఆయన కవరులోంచి కాగితాలన్నీ తీసి తిరగేసి, "థైరాయిడ్ నార్మల్, ఈసీజీ నార్మల్. ఏమీ లేదమ్మా, ఎక్కువ ఆలోచించకండి" అని బీ కాంప్లెక్స్ రాసి పంపేశారు. ఏమీ లేకపోతే ఆవిడ చేతిలోంచి అమృతాంజనం సీసా ఎందుకు దిగడం లేదు?

ఇది డిప్రెషనేమోనని నా అనుమానం. డిప్రెషన్ అంటే మూల కూర్చుని ఏడవడమేనని జనం అనుకుంటారు. జనం సంగతి సరే, డాక్టర్లకేమైంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లో చేయించిన పరిశీలన 1999లోనే అచ్చయింది, అందులో మన బెంగళూరూ ఉంది. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో 69 శాతం మంది ఒంటి బాధలే చెప్పుకుని డాక్టరు దగ్గరికి వచ్చారు. మనసుని నడిపే సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే మెదడు రసాయనాలు నొప్పిని అదుపు చేసే దారుల్లోనూ పనిచేస్తాయి. అది కల్పించుకున్న నొప్పి కాదు!

ఇక బాబాయి గోల ఇంకోటి. "దేని మీదా ధ్యాస పెట్టదు" అట. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే ఆవిడ ఎదురుగానే నిలబడి ఉంటుంది. పేపర్లో ఒకే వార్త దగ్గర అరగంట ఆగిపోతుంది. కానీ మొన్న పెళ్ళిలో పదిమంది ఆప్యాయంగా పలకరిస్తే గుర్తులేదు, ఒకావిడ "అలా పీక్కుపోయావేంటి" అన్న ముక్క మాత్రం పట్టుకుని వదల్లేకపోతోంది. జబ్బే ధ్యాసని అటు లాగేస్తుంది. ఏకాగ్రత కుదరకపోవడం డిప్రెషన్ లక్షణాల్లో ఒకటి, డాక్టర్లు అడగాల్సిన ప్రశ్నల్లో అదీ ఉంది. ఈయన అడిగితేగా!

మా తమ్ముడినీ ఇలాగే చేశారు. ఇంటర్ హాస్టల్లో రోజూ కడుపునొప్పి అనేవాడు, చదివింది బుర్రకెక్కడం లేదనేవాడు. "నాటకాలు" అన్నారు, స్టడీ అవర్‌లో అందరి ముందూ నిలబెట్టారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "బాబూ, నిద్ర పడుతోందా?" అని అడగలేదు. ఆ కోపం నాకు చచ్చేదాకా పోదు.

సోమవారం పిన్నిని సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్తున్నా. మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఉండి, ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. "ఊళ్ళో తెలిస్తే చెల్లి సంబంధాలకి ఇబ్బంది" అని బాబాయి అప్పుడే మొదలుపెట్టాడు. వాళ్ళమ్మకి వైద్యం చేయించారని వెనక్కిపోయే సంబంధం మనకొద్దని మొహం మీదే చెప్పేశాను.