టెక్సాస్‌లో గన్‌కి లైసెన్సే అక్కర్లేదా? ఆ మెసేజ్‌లో తప్పులివీ

"టెక్సాస్‌లో 2021 నుంచి గన్ లైసెన్స్ ఎత్తేశారు. 21 ఏళ్లు నిండితే హెచ్1బీ వాళ్లైనా కొనుక్కోవచ్చు. రిజిస్ట్రేషన్ లేదు. కారులో పెట్టుకుని ఏ రాష్ట్రానికైనా వెళ్లొచ్చు." డాలస్, హ్యూస్టన్ తెలుగువాళ్లలో ఒకరి నుంచి ఒకరికి వెళ్తున్న మెసేజ్ ఇది. దీన్ని నమ్ముకుంటే వీసాతో పాటు స్వేచ్ఛ కూడా పోయే ప్రమాదముంది.

"లైసెన్స్ ఎత్తేశారు." ఎత్తేయలేదు. 2021 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన హెచ్‌బీ 1927 అనే టెక్సాస్ చట్టం, హ్యాండ్‌గన్ (పిస్టల్, రివాల్వర్ వంటివి) వెంట పెట్టుకుని తిరగడానికి ఎల్‌టీసీ (లైసెన్స్ టు క్యారీ) అనే పర్మిట్ తప్పనిసరి కాదని మాత్రమే చెప్పింది. గన్ బయటికి కనిపిస్తే హోల్‌స్టర్‌లో (గన్ పెట్టుకునే ఒరలో) ఉండాలి. గత అయిదేళ్లలో దాడి చేసి గాయపరిచిన కేసులో శిక్ష పడినవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. ఎల్‌టీసీ ఇప్పటికీ ఇస్తున్నారు, దాని అవసరమూ ఉంది. ఫెడరల్ చట్టం ప్రకారం స్కూలుకు 1,000 అడుగుల లోపు రోడ్డు మీద లోడ్ చేసిన గన్‌తో వెళ్లడం నేరం. ఆ స్కూలున్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ (టెక్సాస్‌లో ఎల్‌టీసీ) ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, పర్మిట్ లేకుండా తిరిగేవాళ్లకు లేదు. ఊళ్లో స్కూలు దాటకుండా ఎంత దూరం వెళ్లగలరు?

"హెచ్1బీ వాళ్లైనా కొనుక్కోవచ్చు." అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. హెచ్1బీ (ఉద్యోగం), హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబం), ఎఫ్1 (చదువు) వంటి నాన్‌ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాళ్లు గన్ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ నేరం. టెక్సాస్ చట్టం దీన్ని మార్చలేదు, మార్చడం దాని చేతిలో లేదు కూడా. ఎక్కువమందికి పనికొచ్చే మినహాయింపు ఒక్కటే: గడువు తీరని హంటింగ్ లైసెన్స్. ఫిషింగ్ లైసెన్స్ ఒక్కటే ఉంటే చెల్లదు. టెక్సాస్ హంటింగ్ లైసెన్స్ గడువు ఆగస్టు 31తో ముగుస్తుంది. రెన్యువల్ మరిచిపోతే, ఇంట్లో అల్మారాలో ఉన్న గన్ మర్నాటి నుంచి నేరమవుతుంది. భర్తకు లైసెన్స్ ఉన్నంత మాత్రాన హెచ్4 మీదున్న భార్యకు వర్తించదు. సేఫ్ కోడ్ ఆమెకూ తెలిస్తే గన్ ఆమె అధీనంలోనూ ఉన్నట్టేనని ప్రాసిక్యూటర్ వాదించగలరు. లేఆఫ్ తర్వాత ఇచ్చే గ్రేస్ పీరియడ్ (అదనపు గడువు) కూడా దాటి స్టేటస్ (దేశంలో చట్టబద్ధంగా ఉండే హోదా) పోతే హంటింగ్ లైసెన్స్ కూడా కాపాడదు.

గన్ కొనకుండా షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుంటే ఫరవాలేదన్నది ఇంకో అపోహ. స్టూడెంట్ స్టేటస్ పోయాక ఫ్లోరిడాలో షూటింగ్ రేంజ్‌కి వెళ్లిన విద్యార్థి మీద పెట్టిన కేసే రెహైఫ్ కేసు. స్టేటస్ లేదని అతనికి తెలుసునని కూడా ప్రభుత్వం నిరూపించాలని 2019లో సుప్రీంకోర్టు అంది. రేంజ్‌లో పట్టుకుంటే నేరం కాదని అనలేదు. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు, ఆపై డిపోర్టేషన్ ముప్పు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు గన్ ఉంచుకోవడానికి హంటింగ్ లైసెన్స్ అవసరం లేదు.

"రిజిస్ట్రేషన్ లేదు." టెక్సాస్ వరకు నిజమే. కానీ షాపులో కొంటే ఫారం 4473 అనే ఫెడరల్ ఫారం నింపాలి, అది డీలర్ దగ్గర ఉంటుంది. వీసా గురించి, మినహాయింపు గురించి అందులో సూటిగా అడుగుతారు. అబద్ధం రాస్తే అది వేరే నేరం.

"ఏ రాష్ట్రానికైనా వెళ్లొచ్చు." కాదు. న్యూయార్క్‌లో లైసెన్స్ లేకుండా హ్యాండ్‌గన్ ఇంట్లో ఉన్నా నేరమే. న్యూజెర్సీ, కాలిఫోర్నియా టెక్సాస్ ఎల్‌టీసీని గుర్తించవు. ఈ మూడు రాష్ట్రాల్లోనూ 10 తూటాలకు మించి పట్టే మ్యాగజైన్ నిషేధం. గ్లాక్ 19 అనే పిస్టల్‌తో మామూలుగా వచ్చే మ్యాగజైన్‌లో 15 పడతాయి. కాలిఫోర్నియాకు మకాం మారిస్తే 60 రోజుల్లో గన్ వివరాలు రాష్ట్రానికి తెలపాలి. దారిలో వేరే రాష్ట్రం గుండా వెళ్లడానికి 1986 ఫెడరల్ చట్టం రక్షణ ఇస్తుంది, కానీ బయల్దేరిన చోటా చేరే చోటా ఆ గన్ చట్టబద్ధమై ఉండాలి. తూటాలు తీసేసి, గన్నూ తూటాలూ డిక్కీలో పెట్టాలి. డిక్కీ లేని బండైతే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి, గ్లవ్‌బాక్స్, కన్సోల్ పనికిరావు.