అడవి కాచిన వెన్నెలకు ఒక స్పీకరు

అడవి కాచిన వెన్నెల వృథా అని మన పెద్దలు ఎందుకన్నారో నాకు ఇన్నాళ్లూ అర్థం కాలేదు. ఈమధ్యే తెలిసింది. ఆ వెన్నెలకు బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు.

ఆ లోటు తీర్చడానికి ఒక మహానుభావుడు పూనుకున్నాడు. రోడ్డు లేదు, కరెంటు లేదు, సిగ్నల్ లేదు. సామానంతా వీపున వేసుకుని సగం రోజు నడిస్తే గానీ ఆ సరస్సు కనబడదు. బరువు తగ్గుతుందని టూత్‌బ్రష్ పిడి సగానికి విరగ్గొట్టుకుని వచ్చేవాళ్లున్న చోటు అది. అలాంటి చోటికి ఈయన బ్లూటూత్ స్పీకరు మోసుకొచ్చాడు. పిడికిట్లో పట్టేది కాదు, చంకలో పెట్టుకోవలసిన సైజుది. టెంటు మేకులు మాత్రం మరిచిపోయాడు.

ఈ సంగతి నాకెలా తెలుసు? ఆయన్ను నేను చూడనైనా లేదు. ఆయన దిగింది అవతలి ఒడ్డున, నేనున్నది ఇవతలి ఒడ్డున. కానీ పొద్దు వాలాక నీటిని ఆనుకున్న గాలి చల్లబడుతుంది, పైన గాలి వెచ్చగా ఉండిపోతుంది. వెచ్చని గాలిలో శబ్దం వేగంగా పోతుంది కనుక, ఆకాశంలో కలిసిపోవలసిన మాట కాస్తా వంగి మళ్లీ నీటి మీదికే దిగుతుంది. మధ్యలో అడ్డుకోవడానికి చెట్టూ చేమా ఉండవు. అంచేత సరస్సు ఒడ్డున గుసగుసలాడటమంటే మైకు ముందు నిలబడి ఆడటమే. ఈ ఫిజిక్స్ పాఠం ఆయన చదవలేదు. నాకు ఆ సాయంత్రం చెవులారా వినిపించాడు.

"బావా, మేకులు నీ బ్యాగులోనేగా పెట్టావు?"

"నా బ్యాగులో స్పీకరుంది. మేకులకు చోటేదీ?"

"మరి టెంటు?"

"రాళ్లకు కట్టేద్దాం."

తర్వాత చాలాసేపు రాళ్లు దొర్లిన చప్పుడు. ఒక మూల కడితే రెండో మూల లేచింది. రెండో మూల మీద బావగారు కూర్చుంటే మూడోది లేచింది. నాలుగో మూల మీద కూర్చోవలసిన మనిషి "నేను కూర్చుంటే వంటెవరు చేస్తారు?" అని ఒక న్యాయమైన ప్రశ్న వేసింది. దానికి జవాబు రాలేదు. ఇంతలో గాలి లేచింది. "పట్టుకో, పట్టుకో!" అన్నారు. ఇవతల నేను కూడా తెలియకుండా నా టెంటు తాడు పట్టుకున్నాను. చివరికి టెంటు నిలబడిందో లేదో నాకు తెలియలేదు కానీ "పోనీలే, కప్పుకుని పడుకుందాం" అన్న మాట మాత్రం స్పష్టంగా వినబడింది. నిజం చెప్పొద్దూ, ఆ కుటుంబం మీద అప్పటికి నాకు ప్రేమ పుట్టింది.

అప్పుడు కప్పలు మొదలుపెట్టాయి.

"ఏంటి బావా ఈ గోల?" అన్నాడు బావమరిది. "ఉండు, నోరు మూయిస్తా" అన్నాడు బావ. స్పీకరు ఆన్ అయింది.

పార్కు గేటు దగ్గర బోర్డుంది, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం పాటించాలని. ఆయన పాటించాడు. సరిగ్గా పదింటికి సౌండు రెండు పాయింట్లు తగ్గించాడు. పాట మాత్రం అదే. నలభైసార్లు విన్నాక ఆ పాట నాకు నచ్చిందో లేదో కూడా చెప్పలేని స్థితికి వచ్చాను.

ఇంతవరకూ నవ్వుకున్నాను. ఇక నవ్వు రావట్లేదు.

ఆ గోల చేస్తున్నవి మగ కప్పలు. ఆడకప్పను పిలుచుకోవడానికి వాటికున్నది ఆ గొంతొక్కటే. పక్కన ఇంకో మోత ఉంటే ఆ పిలుపు అందులో మునిగిపోతుంది. మడుగు ఎండేలోపు జత దొరకని కప్పకు ఆ ఏడాది ఇక అంతే. గుడ్లగూబ సంగతి చూడండి. బార్న్ ఔల్ అనే రకం గుడ్లగూబకు చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు. శబ్దం ఏ చెవికి ఎంత తేడాతో చేరిందో పట్టుకుని, చిమ్మచీకట్లో, కళ్లతో పనే లేకుండా ఎలుకను దొరకబుచ్చుకుంటుంది. ఎండుటాకు కింద ఎలుక పాదం కదిలిన చప్పుడు దానికి అన్నం పెడుతుంది. ఆ అన్నంలో మన్ను కొట్టే హక్కు నీకెవడిచ్చాడయ్యా? నువ్వు ఒక్క రాత్రికి వచ్చావు. దానికి వేరే ఇల్లు లేదు. నీకు పాటే కావాలంటే, 1910లోనే అమెరికాలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన వంటింటి బల్ల మీద హెడ్‌ఫోన్లు తయారుచేసి నౌకాదళానికి అమ్మాడు. వందేళ్లు దాటినా ఆ వార్త నీ దాకా చేరలేదా?

క్షమించాలి, గొంతు పెరిగింది. నీటి మీద ఎక్కడిదాకా పోయిందో ఏమో.

2005లో గోర్డన్ హెంప్టన్ అనే సౌండ్ రికార్డిస్టు, అమెరికాలోనే ఒలింపిక్ నేషనల్ పార్కు అడవిలో నాచు పట్టిన దుంగ మీద ఒక చిన్న ఎర్ర రాయి పెట్టాడు. ఆ ఒక్క చదరపు అంగుళంలో మనిషి చేసే చప్పుడు పడకుండా కాపాడగలిగితే, చుట్టూ ఎన్నో మైళ్ల దాకా నిశ్శబ్దం మిగులుతుందని ఆయన లెక్క. చాలా అందమైన లెక్క. మా మహానుభావుడు ఆ దుంగను చూస్తే "స్పీకరు పెట్టుకోవడానికి స్టాండు కూడా ఇచ్చారు" అని మురిసిపోతాడు.

మర్నాడు కొండదారిలో ఎదురుపడ్డాడు. ఆయన్ను గుర్తుపట్టడానికి ఇబ్బందేమీ కలగలేదు, పాట ముందొచ్చింది, మనిషి వెనకొచ్చాడు. బ్యాగుకు స్పీకరు వేలాడుతోంది, గంట కట్టిన ఎద్దులాగా. ఎలుగుబంట్లు రాకుండా అట. దానికి స్పీకరెందుకు? మలుపుల దగ్గర నాలుగు మాటలు గట్టిగా మాట్లాడుకుంటూ, చప్పట్లు కొడుతూ పోతే చాలు. ఆ కుటుంబం మాట్లాడుకుంటే ఎలుగుబంటి వస్తుందా అసలు?

రాత్రంతా నేను కూడబెట్టుకున్న తిట్లన్నీ ఆ క్షణంలో ఏమయ్యాయో తెలియదు. "బాగుందండీ స్పీకరు" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"వాటర్‌ప్రూఫ్ అండీ! ఐపీఎక్స్7. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా ఏమీ కాదు."

"అలాగా," అన్నాను. "ఈ సరస్సు ఎంత లోతుంటుందంటారు?"